మట్టికట్ట నుండి మహామార్గం వరకు

ఒక దేశపు నాగరికతను అంచనా వేయడానికి చరిత్రకారులు కోటలను, దేవాలయాలను, శాసనాలను పరిశీలిస్తారు. రహదారిని పరిశీలించేవారు తక్కువ. కోట కంటికి ఎదురుగా నిలబడుతుంది. రహదారి కాలి క్రింద పడి ఉంటుంది. పైగా రహదారిలో బాటసారికి కనిపించేది అన్నిటికన్న పలుచనైన పై పొర ఒక్కటే. బండ్ల బరువును నిజంగా మోసే పొరలన్నీ దాని అడుగున ఉంటాయి.

రహదారుల చరిత్ర కూడ చాలవరకు పైపొర చరిత్రగానే వ్రాయబడింది. వేయించిన పాలకుని పేరు, నమూనా గీసిన ఇంజనీరు పేరు గ్రంథాలకెక్కాయి. గడ్డపారతో త్రవ్వినవారి పేర్లు, తట్టలతో మోసినవారి పేర్లు ఎక్కలేదు. దక్కను పీఠభూమిలోను, దక్షిణ దేశంలోను ఆ పని చేసినవారిలో తెలుగు మాట్లాడేవారు అసంఖ్యాకులు. తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం మొట్టమొదట ఇల్లు విడిచింది మట్టిపని కోసమో, రాతిపని కోసమో. కనుక రహదారి ఎట్లా కట్టబడుతుందో తెలుసుకోవడం ఒక సాంకేతిక విషయాన్ని తెలుసుకోవడం మాత్రమే కాదు. అది రాష్ట్రేతర తెలుగువారి చరిత్రలో ఒక అధ్యాయం కూడ.

1830: రెండు బాటలు

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్‌పూరు మీదుగా కాశీకి చేరి, గయ, కలకత్తా, ఒరిస్సా తీరం, విశాఖపట్నం, రాజమహేంద్రవరాల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అందులో మజిలీ మజిలీకీ నేల స్వభావం, దారిలోని వాగులు, నదులు దాటిన తీరు పేర్కొనబడ్డాయి. రేగడి నేల ఎక్కడ, ఇసుక ఎక్కడ, రాళ్ళదారి ఎక్కడ అన్నది ఆ కాలపు ప్రయాణికుడికి ప్రాణావసరమైన సమాచారం. ఏలయనగా ఆనాడు ‘బాట’ అన్నది చాలచోట్ల కట్టబడినది కాదు. మనుషుల కాళ్ళు, ఎడ్లబండ్ల చక్రాలు నలిపి నలిపి ఏర్పరచినది. వాన పడితే రేగడిలో చక్రం ఇరుసుదాకా దిగబడేది. వాగు పొంగితే ప్రయాణం ఆగిపోయేది.

అదే సంవత్సరం నవంబరు 10న బొంబాయి గవర్నరు సర్ జాన్ మాల్కం భోర్ ఘాట్ బండిబాటను ప్రారంభించాడు. సహ్యాద్రి పర్వతాలను దాటి పూనాను కొంకణ తీరంతో కలిపే ఈ కనుమలో అంతకుముందు చక్రాల బండి నడవడం మిక్కిలి కష్టంగా ఉండేది. సరుకు ఎద్దుల వీపుల మీద ఎక్కి దిగేది. కొండను తొలిచి, వాలును తగ్గించి, మలుపులు తిప్పి బాట కట్టిన తర్వాత దక్కను ప్రత్తి బండ్ల మీద పన్వేల్ వరకు దిగి, అక్కడినుండి పడవలలో బొంబాయి చేరసాగింది.

ఈ రెండింటి మధ్య తేడాలోనే ఆధునిక రహదారి చరిత్ర మొదలవుతున్నది. ఒకటి నేల ఉన్నట్లుగా స్వీకరించిన బాట. రెండవది నేలను మార్చి కట్టిన బాట.

కంకర శాస్త్రం

కట్టిన బాటకు శాస్త్రీయమైన రూపమిచ్చినవారిలో అగ్రగణ్యుడు స్కాట్లండుకు చెందిన జాన్ లౌడన్ మకాడమ్. 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రహదారుల పర్యవేక్షకుడుగా నియమింపబడిన ఆయన రెండు సూత్రాలను ప్రతిపాదించాడు. మొదటిది: బరువును చివరకు మోసేది క్రిందనున్న నేల, ఆ నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువునైనా మోస్తుంది. రెండవది: పైన పరిచే రాళ్ళు చిన్నవిగాను, కోణాలు దేలినవిగాను ఉంటే బండ్ల చక్రాల ఒత్తిడికి అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కొని గట్టిపడతాయి. ఒక్కొక్క రాయి ఆరు ఔన్సులకు, అనగా సుమారు 170 గ్రాములకు మించరాదని ఆయన నియమం. రహదారిని చుట్టుప్రక్కల నేలకన్న ఎత్తుగా ఉంచి, నడుమ కొంచెం ఉబ్బెత్తుగా తీర్చి, నీరు ఇరుప్రక్కలకు జారిపోయేటట్లు చేయడం ఈ పద్ధతిలో ముఖ్యం. నీరే రహదారికి మొదటి శత్రువు అన్న విషయం నేటికీ మారలేదు.

1854లో డల్హౌసీ హయాములో ప్రజాపనుల శాఖ ఏర్పడిన తర్వాత ఈ కంకర బాటలు భారతదేశంలో క్రమంగా విస్తరించాయి. వాటి నిర్మాణ క్రమం దాదాపు ఒక శతాబ్దంపాటు ఒకే తీరుగా సాగింది. ముందుగా మట్టికట్ట వేసి దిమ్మిసలతో కొట్టేవారు. దాని మీద పెద్ద రాతిని చేత్తో పేర్చేవారు. ఆపై చేత్తో కొట్టిన కంకరను సమంగా పరచి, అంచులనుండి నడుమకు రోలరు నడిపేవారు. సందులలోకి రాతిపొడిని ఊడ్చి, నీరు చల్లి, మళ్ళీ రోలరు తిప్పేవారు. చివరగా మొరం పరచి పదును చేసేవారు.

మొదట రోలరు అనగా ఎద్దులు లాగే రాతి గుండు. ఆవిరి రోలరు చరిత్రలో భారతదేశానికి ఒక విశిష్ట స్థానమున్నది. 1863లో కలకత్తా నగర ఇంజనీరు విలియం క్లార్క్, బర్మింగ్‌హామ్‌కు చెందిన బాథో కలసి కలకత్తా వీధుల అవసరం కోసం ఒక ఆవిరి రోలరుకు రూపకల్పన చేశారు. తరువాత ఆవిరి స్థానంలో డీజిలు వచ్చింది. మూడు చక్రాల మీద నెమ్మదిగా కదలే జెస్సప్ కంపెనీ రోలరు ఇరవయ్యవ శతాబ్దంలో పెరిగిన పిల్లలందరికీ పరిచితమే. కాని రోలరు చేయగలిగింది ఒక్క చదును పని. మట్టి త్రవ్వడం, మోయడం, రాయి కొట్టడం మాత్రం మనుషుల చేతులమీదనే నడిచాయి.

మట్టిని నమ్ముకొన్నవారు

ఆ చేతులలో మొదట చెప్పుకోవలసినవి వడ్డెరలవి. చెరువుకట్టలు వేయడం, బావులు త్రవ్వడం, రాయి తీయడం వారి కులవృత్తి. దక్షిణ భారతమంతటా వారు పనివెంట సంచరించారు. తమిళనాట ఒట్టర్లు, బోయర్లుగాను, కన్నడనాట వడ్డర్లు, భోవీలుగాను, మహారాష్ట్రలో వడార్లుగాను వ్యవహరింపబడే వీరిలో అనేకులు ఇంటిలో తెలుగే మాట్లాడుతూ వచ్చారు. మహారాష్ట్రలో వారి శాఖల పేర్లే వారి పనిని చెబుతాయి: మట్టిపని చేసేవారు మాటి వడార్లు, బండ్లమీద రాయి తోలేవారు గాడి వడార్లు, రాతిపని చేసేవారు కల్ వడార్లు. పందొమ్మిదవ శతాబ్దంలో రైలుమార్గాల కట్టలు వేసినప్పుడు మట్టిపనిలో వీరికి సాటి లేరని ఇంజనీర్లు గుర్తించారు.

రెండవ వర్గం కామాటీలు. తెలంగాణ ప్రాంతంనుండి పద్దెనిమిదవ శతాబ్దం చివరినుండి బొంబాయికి వలస వెళ్ళి, ఏడు దీవుల మధ్య పల్లపు భూములను పూడ్చి నగరంగా మలచిన నిర్మాణ పనులలో కూలీలుగా, మేస్త్రీలుగా పనిచేసిన తెలుగువారికి ఆ పేరు వచ్చింది. ముంబయిలోని కామాఠీపురా పేటకు ఆ పేరు వారివల్లనే కలిగింది. తరువాతి కాలంలో ఆ పేట మరొక కారణంగా దేశమంతటా ప్రచారం పొందడంవల్ల ఈ మూలార్థం మరుగున పడిపోయింది. నగరానికి పునాది వేసినవారి పేరు ఆ పేటకు ఉన్నదని ఎరిగినవారు నేడు కొద్దిమందే.

మూడవ వర్గం పాలమూరు కూలీలు. కరవు పీడితమైన మహబూబ్‌నగర్ జిల్లానుండి గుంపు మేస్త్రీల వెంట కదలిన ఈ శ్రామికులు స్వాతంత్ర్యానంతరం ఆనకట్టలు, కాలువలు, రహదారుల పనులలో దేశపు నలుమూలలా కనిపించారు. ముందుగా అడ్వాన్సు పుచ్చుకోవడం, ఆ అప్పు తీరేవరకు మేస్త్రి చెప్పినచోట పనిచేయడం ఆ పద్ధతి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల రక్షణకు 1979లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చిందంటే ఇటువంటి పద్ధతులు ఎంత విస్తృతమో ఊహించవచ్చు.

వారు చేసిన పని ఎంతటిదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. పైన 12 మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తు, ఇరుప్రక్కలా తగిన వాలు గల ఒక మామూలు కట్టను తీసుకొందాం. దాని సగటు వెడల్పు 14 మీటర్లు. ఒక కిలోమీటరు పొడవునకు 14,000 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఆ మట్టి బరువు సుమారు 25,000 టన్నులు. తట్టకు 25 కిలోల చొప్పున లెక్కించినచో పది లక్షల తట్టలు. ఒక్క కిలోమీటరు కట్ట లేవడానికి ఎవరో ఒకరు పది లక్షలసార్లు తలపై చుట్టకుదురు సరిచేసుకొని, తట్ట ఎత్తుకొని, గట్టెక్కి దిగారన్నమాట. ఆ తట్టలలో పెక్కు మోసినవారు స్త్రీలు. పురుషుడు త్రవ్వడం, స్త్రీ మోయడం మట్టిపనిలో అనాదిగా ఉన్న విభజన.

కూలి కొలతమీద ఆధారపడేది. మట్టి తీసిన గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనపరిమాణం కట్టేవారు. అసలు నేల ఎంత ఎత్తులో ఉండేదో తెలియడానికి గుంటల నడుమ అక్కడక్కడ మట్టిదిమ్మలను త్రవ్వకుండా వదిలేవారు. కొలత పూర్తయ్యేవరకు వాటిని ముట్టరాదు. మట్టిని ఎంత దూరం మోసినదీ, ఎంత ఎత్తుకు చేర్చినదీ బట్టి అదనపు రేటు ఉండేది. కార్యాలయ పరిభాషలోని ‘లీడు’, ‘లిఫ్టు’ అన్న మాటలు అక్షరం రాని కూలీల నోట సైతం ఆడాయి. వారి కడుపు నిండేదీ నిండనిదీ ఆ రెండు మాటలమీదనే ఆధారపడి ఉండేది. కొలత టేపు పట్టినవాడు చదువుకొన్నవాడు, గుంట త్రవ్వినవాడు చదువుకోనివాడు. ఆ వ్యత్యాసంవల్ల కలిగే నష్టం ఎప్పుడూ ఒకవైపునే పడేది.

ఇంత చేసిన వారిని ఆనాటి ప్రభుత్వం ఏ దృష్టితో చూసిందో కూడ చెప్పుకోవాలి. సంచార జీవనం గడిపే అనేక సముదాయాలను 1871నాటి నేరస్థ తెగల చట్టం అనుమానితుల జాబితాలో చేర్చింది. సంచార వడ్డెర గుంపులలో కొన్నింటికి ఆ ముద్ర తప్పలేదు. 1952లో ఆ చట్టం రద్దయింది. మహారాష్ట్రలో వడార్లు నేటికీ విముక్త జాతుల జాబితాలో ఉండడం ఆ గతానికి గుర్తు.

కరవు వేసిన బాటలు

దక్కను రహదారులలో కొన్ని ఆకలి వేయించినవి. 1876-78 మధ్య బొంబాయి, మద్రాసు రాజధానులను, మైసూరు, హైదరాబాదు సంస్థానాలను దారుణమైన కరవు పీడించింది. ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది. వాటిలో ప్రధానమైనవి మట్టిపని, కంకర కొట్టడం. రైతులు, నేతగాండ్రు, చేతివృత్తులవారు కులవృత్తులు మాని సమ్మెటలు పట్టారు.

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసుపై కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా స్థాయికి తగ్గించారు. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. దినమంతా రాయి కొట్టే మనిషికి ఆ గింజలు చాలవని మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టరు కార్నిష్ అభ్యంతరం తెలిపాడు. బొంబాయి రాజధానిలో వేలాదిమంది కూలీలు పనులు విడిచి వెళ్ళిపోయారు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన ప్రభుత్వానికి విన్నపాలు పంపింది. విమర్శల మీదట మద్రాసు రాజధానిలో కూలి కొంత పెంచబడింది. తదనంతరం 1880నాటి కరవు కమిషను, దానిని అనుసరించి వచ్చిన కరవు నిబంధనలు సహాయ పనులకు ఒక పద్ధతిని ఏర్పరచాయి. రహదారి పనిని కరవు నివారణ సాధనంగా చూసే ఆలోచన ఆనాటినుండి పాలనలో స్థిరపడి, స్వతంత్ర భారతంలోని గ్రామీణ ఉపాధి పథకాల వరకు కొనసాగింది.

ప్రణాళికల కాలం

మోటారు వాహనం వచ్చాక కంకర బాటకు కొత్త ఇబ్బంది కలిగింది. ఎడ్లబండి ఇనుపకమ్మి కంకరను నలిపి, ఆ పొడితోనే సందులు పూడ్చేది. మోటారు రబ్బరు చక్రం ఆ పొడిని పీల్చి గాలిలో లేపివేసింది. ధూళి లేచింది, రాళ్ళు ఊడాయి. రాళ్ళను పట్టి ఉంచే జిగురు పదార్థం అవసరమైంది. మొదట బొగ్గునుండి తీసిన తారు, తరువాత పెట్రోలియం శుద్ధిలో మిగిలే బిటుమెన్ ఆ పనికి వచ్చాయి. నేడు వాడేది దాదాపు అంతా బిటుమెనే అయినా జనవ్యవహారంలో ‘తారు రోడ్డు’ అన్న మాటే నిలిచిపోయింది.

రహదారుల విషయం పరిశీలించడానికి 1927లో ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక సంఘం నియమింపబడింది. పెట్రోలుపై అదనపు సుంకం విధించి, ఆ మొత్తాన్ని రహదారులకే వినియోగించాలని అది సూచించింది. ఫలితంగా 1929లో కేంద్ర రహదారి నిధి ఏర్పడింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్థాపింపబడింది. 1943లో నాగపూరులో సమావేశమైన చీఫ్ ఇంజనీర్లు దేశానికంతటికీ మొదటి రహదారి ప్రణాళికను తయారుచేశారు. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రహదారులు, గ్రామ రహదారులు అన్న వర్గీకరణ అప్పటిదే. వ్యవసాయం అభివృద్ధి చెందిన ప్రాంతంలో ఏ గ్రామమూ ప్రధాన రహదారికి ఐదు మైళ్ళకు మించిన దూరంలో ఉండరాదన్నది ఆ ప్రణాళిక ఆశయం. 1952లో ఢిల్లీలో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఆరంభమైంది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది.

అడుగు పొరల రహస్యం

రహదారి నిర్మాణం అనుభవంనుండి శాస్త్రానికి మారింది 1930 ప్రాంతంలో. కాలిఫోర్నియాలో పోర్టర్ అనే ఇంజనీరు నేల ఎంత బరువు మోయగలదో కొలిచే పరీక్షను రూపొందించాడు. అదే నేడు ‘సి.బి.ఆర్.’ పరీక్షగా ప్రసిద్ధం. 1933లో ప్రోక్టర్ అనే మరొక ఇంజనీరు మట్టిని గట్టిపరచే రహస్యం నీటిలో ఉన్నదని నిరూపించాడు. పొడిమట్టిని ఎంత కొట్టినా రేణువులు ఒకదానికొకటి చేరవు. నీరు ఎక్కువైతే రేణువుల మధ్య చోటును నీరే ఆక్రమిస్తుంది. రెంటికి నడుమ ప్రతి మట్టికీ ఒక సరియైన తడి ఉన్నది. ఆ తడిలో కొట్టినప్పుడే మట్టి మిక్కిలి చిక్కబడుతుంది. చెరువుకట్ట వేసే వడ్డెర మేస్త్రి మట్టిని పిడికిట పట్టి నొక్కి, ‘పదును’ వచ్చిందో లేదో చెప్పేవాడు. అతని పిడికిలికి తెలిసిన విషయానికి ప్రోక్టర్ అంకె ఇచ్చాడు.

నేటి రహదారిలోని పొరలను అడుగునుండి పైకి ఇట్లు చెప్పవచ్చు. అన్నిటి క్రింద మట్టికట్ట. దానిని ఒక్కసారిగా పోయరు; సుమారు 20-25 సెంటీమీటర్ల పొరలుగా పరచి, తడిపి, ఒక్కొక్క పొరను రోలరుతో గట్టిపరచి, పరీక్షించిన తర్వాతనే పై పొర వేస్తారు. కట్టలోని పై 50 సెంటీమీటర్లను సబ్‌గ్రేడ్ అంటారు. ప్రయోగశాలలో సాధించిన గరిష్ఠ సాంద్రతలో 97 శాతం ఇక్కడ రావాలి. దాని మీద కంకర, ఇసుక కలసిన సబ్‌బేస్; బరువును పంచడమే కాక లోపల చేరిన నీటిని ప్రక్కలకు పంపివేయడం దీని పని. ఆపైన వివిధ పరిమాణాల కంకరను నీటితో యంత్రంలో కలిపి పరిచే వెట్ మిక్స్ పొర. దాని మీద బిటుమెన్ కలిపిన మందమైన పొర. చివరన చక్రానికి తగిలే నల్లని పై పొర. దాని మందం సాధారణంగా 30 నుండి 50 మిల్లీమీటర్లే.

వేడి మిశ్రమాన్ని సుమారు 150 డిగ్రీల వద్ద తయారుచేసి, 90 డిగ్రీలకు చల్లబడేలోగా రోలరు పని ముగించాలి. ఆలస్యమైతే పొర గట్టిపడదు. పైకి నున్నగానే కనిపించి, తొలి వర్షాకాలంలో గుంటలు పడుతుంది. ప్రజలు నిందించేది పైపొరనే అయినా, గుంటకు కారణం తరచుగా దాని అడుగున ఉంటుంది: తడి చూడకుండా తొక్కిన మట్టి, పూడిపోయిన ప్రక్క కాలువ, మొరానికి బదులు పోసిన చెత్తమట్టి.

దక్కనులో ఈ సమస్యకు నల్లరేగడి మరింత చిక్కు తెచ్చింది. ప్రత్తికి ప్రాణమైన ఆ నేల రహదారికి గండం. వానలో ఉబ్బుతుంది, ఎండలో ముడుచుకొని నెరెలు విచ్చుతుంది. దాని మీద వేసిన ఎంత గట్టి పొరైనా విరుగుతుంది. అందువల్ల రేగడిని కొంతలోతు తీసివేసి మొరం నింపడమో, సున్నం కలిపి నేల స్వభావాన్ని మార్చడమో చేస్తారు. వీరాస్వామయ్య గారి కాలంలో ప్రయాణికుడు జాగ్రత్తపడిన నేలకే నేటి ఇంజనీరు కూడ జాగ్రత్తపడుతున్నాడు.

బరువు విషయంలో 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగిన పరీక్షలు ఒక ఆశ్చర్యకరమైన సత్యాన్ని వెల్లడించాయి. ఇరుసు బరువు రెట్టింపైతే రహదారికి కలిగే నష్టం రెట్టింపు కాదు. దాదాపు 16 రెట్లు. ఒక్క లారీ అధిక బరువుతో నడిస్తే వేలాది కార్లు చేయలేని హాని జరుగుతుంది.

యంత్రాల రాక

1923లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో కమింగ్స్, మెక్‌లియాడ్ అనే ఇద్దరు ట్రాక్టరు ముందు వెడల్పైన ఇనుప పలకను అమర్చారు. అది బుల్‌డోజరుకు ఆది. భారత గడ్డపై భారీ యంత్రాల విశ్వరూపం రెండవ ప్రపంచయుద్ధంలో కనిపించింది. 1942-45 మధ్య అస్సాములోని లేడోనుండి బర్మా మీదుగా చైనా వైపు అమెరికను సైన్యం వేసిన రహదారిలో బుల్‌డోజర్లు అడవులను, కొండచరియలను త్రోసివేశాయి.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో దేశం యంత్రాలను ఆచితూచి వాడింది. విదేశీ ద్రవ్యం తక్కువ, పని వెదకే చేతులు ఎక్కువ. నాగార్జునసాగరం ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా నిర్మించడానికి ఈ పరిస్థితి కూడ ఒక కారణం. 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ ఏర్పడి, తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న కోలారు బంగారు గనుల పట్టణంలో బుల్‌డోజర్లను తయారుచేయసాగింది. 1979లో బ్రిటిషు కంపెనీ జేసీబీ హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారీ ఆరంభించింది. ఆ కంపెనీ పేరు నేడు పసుపుపచ్చని ప్రతి త్రవ్వకపు యంత్రానికీ పేరైంది. ఫ్రాన్సుకు చెందిన పొక్లెయిన్ కంపెనీ పేరు తెలుగునోట ‘ప్రొక్లెయినరు’గా మారి నిఘంటువుల అనుమతి అడగకుండానే భాషలో చేరింది.

ఇప్పుడు ఒక్కొక్క పనికీ ఒక్కొక్క యంత్రం. త్రవ్వి టిప్పరులో పోయడానికి ఎక్స్‌కవేటరు, నెట్టడానికి బుల్‌డోజరు, మిల్లీమీటరు లెక్కన చదును చేయడానికి గ్రేడరు, కంపనంతో లోతుదాకా గట్టిపరచడానికి వైబ్రేటరీ రోలరు, మిశ్రమాన్ని సమానమైన మందంతో పరచడానికి పేవరు. ఘనపు మీటరు పట్టే ఎక్స్‌కవేటరు తొట్టి ఒక్కసారి ఎత్తే మట్టి యాభై తట్టలకు పైమాట. పూర్వం చేత్తో వేసిన ఎత్తైన కట్టలు కుదురుకోవడానికి ఒకటి రెండు వానాకాలాలు వదిలివేసేవారు. కంపన రోలరు ఆ నిరీక్షణను కొద్ది గంటలకు కుదించింది.

భోర్ ఘాట్‌లో ఈ మార్పు స్పష్టంగా చూడవచ్చు. 1830లో బండిబాట వేసిన అదే కనుమలో 2002లో ముంబయి-పూనా ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయింది. 94.5 కిలోమీటర్ల పొడవు గల ఈ ఆరు వరుసల కాంక్రీటు మార్గం కొండలను సొరంగాలతో ఛేదించింది. పేవరు యంత్రాలు ముందుకు నడుస్తూ వెనుక కాంక్రీటు పలకను పరుచుకొంటూ పోయాయి. ఆ తరువాత 2012 నాటికి ముగిసిన 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తాలను కలిపింది. దాని రెండు భుజాలు తెలుగువారి వలసల దారులనే అనుసరిస్తున్నాయి: ఒకటి పూనా, బెళగావి, హుబ్బళ్ళి, బెంగళూరుల మీదుగా చెన్నైకి, మరొకటి చెన్నైనుండి నెల్లూరు, విజయవాడ, విశాఖల మీదుగా గంజాం జిల్లాకు, ఆపై కలకత్తాకు.

లాభనష్టాల లెక్క

యంత్రంవల్ల కలిగిన మేలును తక్కువ చేయరాదు. పది లక్షల తట్టల బరువు స్త్రీల మెడలమీదనుండి దిగింది. కట్టలు మరింత గట్టిపడ్డాయి. ఏళ్ళ తరబడి సాగే పనులు నెలలలో ముగుస్తున్నాయి. మారుమూల గ్రామాలకు సైతం వైద్యం, విద్య చేరువయ్యాయి.

కాని ఆ మేలుకు మూల్యం చెల్లించినవారు ఎవరన్నది కూడ గుర్తించాలి. పెద్ద పెద్ద కాంట్రాక్టులు యంత్రాలు సొంతంగా ఉన్న సంస్థలకే దక్కసాగాయి. తరతరాలుగా మట్టిని చదివిన ముఠాలకు మట్టిపని లేకుండా పోయింది. వారిలో కొందరు క్వారీలకు మళ్ళారు. కొందరు కేబుళ్ళ కోసం గుంటలు త్రవ్వే పనికి నగరాలు చేరారు. చదువు అందిన కొద్దిమంది మాత్రం ఎక్స్‌కవేటరు ఆపరేటర్లుగా, సర్వేయర్లుగా, సైటు ఇంజనీర్లుగా, చిన్న కాంట్రాక్టర్లుగా అదే రంగంలో నిలదొక్కుకొన్నారు. తాత తట్ట మోసిన వృత్తిలో మనుమడు లెవెలు యంత్రం పట్టుకొని నిలబడడానికి కారణం ఒక్కటే: మధ్యలో ఎవరో ఒకరిని బడిలో కూర్చోబెట్టారు.

అది సులభంగా జరిగింది కాదు. మట్టిపని ముగియగానే గుడారం ఎత్తి మరొక చోటికి కదలే కుటుంబంలో పిల్లవానికి ఒక బడి, ఒక హాజరు పట్టిక ఉండవు. పని చోట పలికే భాష ఒకటి, ఇంట పలికే భాష మరొకటి. ముంబయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడం, వివిధ రాష్ట్రాలలోని తెలుగు సంఘాలు తమ తమ స్థోమతులకు తగినట్లు బడులు నెలకొల్పడం ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవలసిన విషయాలు. ఇంటి భాషలో అక్షరం చెప్పే బడి ఉండడంవల్లనే కొలత టేపుకు అవతలివైపున ఉన్న కుటుంబాల పిల్లలు ఇవతలివైపునకు రాగలిగారు.

తట్ట, దిమ్మిస, సమ్మెటలతో రహదారులు వేసిన తరంలో చివరివారు నేడు వృద్ధులు. వారు పనిచేసిన రహదారుల మీద ఇప్పటికే నాలుగైదు పొరలు పడ్డాయి. కొన్ని చోట్ల పాత కట్టను పూర్తిగా తీసివేసి కొత్త కట్ట వేశారు. ఏ కనుమలో రాయి కొట్టారు, ఏ మేస్త్రి ముఠాలో పనిచేశారు, ఘనపు అడుగుకు ఎంత కూలి ముట్టింది, ఎక్కడ ఎవరిని కోల్పోయారు అన్నవి ప్రభుత్వ దస్త్రాలలో లభించే సంగతులు కావు. ఇళ్ళలోని పెద్దలను అడిగితే మాత్రమే లభిస్తాయి. అటువంటి జ్ఞాపకాలను విద్యార్థులు తమ తాతమ్మలను, తాతయ్యలను అడిగి, ఊరి పేర్లతోను, సంవత్సరాలతోను వ్రాసి పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచగలిగితే, ఏ చరిత్ర గ్రంథమూ చేయని పని జరుగుతుంది. పాఠశాల ఉత్సవాలు జరుపుకొనే సందర్భంలో చేపట్టదగిన కార్యాలలో ఇది ఒకటి. ఆలస్యం చేస్తే అడగడానికి వారు ఉండరు.